దుద్దులు బాగా పడ్డాయి

మావా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, తెలుసు, తిట్టుకో. ఇక్కడంతా మామూలే. నాన్న బీపీ తగ్గింది, బందరు రోడ్డు ట్రాఫిక్ తగ్గలేదు, ఎండల గురించి నీకు చెప్పక్కర్లేదు. అసలు సంగతి వేరే ఉంది. ఇంట్లో ఎవరికి చెప్పబోయినా "ఆహా" అని టీవీ వైపు తిరుగుతున్నారు, ఇక నువ్వే దిక్కు.

అమ్మమ్మకి ఎనభై నిండాయి. సత్యనారాయణపురం ఇంట్లో భోజనాలయ్యాక వసారాలో కుర్చీ వేసి, పెళ్ళినాటి ఏడు రాళ్ళ దుద్దులు పెట్టించి, గోడకి తగిలించేంత ఫోటో తీస్తానని కోతలు కోశాను. నా పాత కానన్ 6డీ, 50 ఎంఎం లెన్సు, అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది, పదునుండే మందం తక్కువ) 1.8. దాన్లో ఫోకస్ పాయింట్లు 11, మసక వెలుతుర్లో గట్టిగా పట్టేది మధ్యదే. అందుకని మధ్య పాయింట్ ఆవిడ కంటి మీద పెట్టి, బటన్ సగం నొక్కి ఫోకస్ లాక్ చేసి, కెమెరా కిందికి వంచి, పమిట అంచు, గొలుసు ఫ్రేములోకి తెచ్చుకుని క్లిక్. అలా నలభై తీశా. వెనక స్క్రీన్ మీద అన్నీ బ్రహ్మాండం.

రాత్రి కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే గుండె జారింది. దుద్దులో ఏడు రాళ్ళూ లెక్కపెట్టొచ్చు, చెవి పక్క తెల్ల వెంట్రుకలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి, కళ్ళు మాత్రం మసకమసక. అమ్మమ్మ చూసి "దుద్దులు బాగా పడ్డాయి నాన్నా, మనిషి సంగతి మళ్ళీ చూద్దాంలే" అంది!

లెన్సు పాడైందనుకుని మూడు రోజులు టెన్షన్. తీరా చూస్తే తప్పు నాదే. మీటరు దూరంలో ఫోకస్ లాక్ చేశాక కెమెరా ఎటు తిప్పినా మీటరే కదా అనుకుంటాం. కాదు మావా. పదును ఉండేది లెన్సుకి ఎదురుగా నిలబడ్డ ఓ గోడలాగా, కెమెరా వంగితే ఆ గోడా వంగుతుంది. నీ టీ స్క్వేర్, ఆ డ్రాయింగ్ గీసే టీ ఆకారం స్కేలు, గుర్తుందా, కండక్టర్ కత్తి అనుకుని హడలిపోయాడే, అదే, అటక మీంచి దింపాను. కొస కంటి దగ్గర ఆనించి, అవతలి అడ్డపట్టీ మధ్యని దండెం మీద క్లిప్పుకి తాకించి కాస్త కిందికి వంచి చూడు, పట్టీ పైకొస క్లిప్పుకి అవతలగా పోతుంది. అంతే కథ!

మీటరు దూరంలో 15 డిగ్రీలు వంచితే ఫోకస్ కంటి వెనక్కి 3.4 సెంటీమీటర్లు పోతుంది. 1.8 దగ్గర నాకు దొరికే పదునేమో ముందూ వెనకా రెండేసి సెంటీమీటర్లు. పైగా వంగేటప్పుడు నేను ముందుకి ఊగాను. ఇంకేముంది, ఫోకస్ తిన్నగా చెవిలోకి.

ఆదివారం మళ్ళీ కూర్చోబెట్టా. ఈసారి కిటికీ పక్కన, అపర్చర్ 4, మధ్యది కాకుండా అంచున ఉన్న ఫోకస్ పాయింటే కంటి మీద పెట్టా, కెమెరా వంచే పనే దాదాపు లేదు. రెండడుగులు వెనక్కి జరిగి తీసి తర్వాత క్రాప్ చేశా. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు కంటిని వాటంతటవే పట్టేస్తాయని మా బావమరిది ఊదరగొడుతున్నాడు, కొనిపెట్టమన్నా, అంతే, మాట మార్చాడు.

అమ్మమ్మ కంట్లో కిటికీ ఊచలు కనబడుతున్నాయి రా! ఊచల పక్కన చిన్న నల్లచుక్క, అది నేనే.

నువ్వడిగిన స్థలం కాగితాలు... అయ్యో, ఎనిమిదిన్నర అయింది, గవర్నరుపేటలో ల్యాబ్ మూసేలోపు ప్రింటు తెచ్చుకోవాలి. ఉంటా, మిగతాది రేపు