నైట్రో ఇంజన్ ఆర్డర్ పెట్టే ముందు, వంశీకి

ఒరేయ్ వంశీ,

నీ రిమోట్ కంట్రోల్ రేస్ కారుకి ఏ నైట్రో ఇంజన్ (నైట్రోమీథేన్ కలిపిన ఫ్యూయల్‌తో నడిచేది) కొనాలి అని అడిగిన మెసేజ్ చూశాను, నువ్వు పంపిన మూడు ఇంజన్ల లింకులూ చూశాను. ఫోన్‌లో చెబితే సగం విని "సరే సరేలే" అంటావు కాబట్టి రాస్తున్నాను. కొంచెం పెద్దదే అయ్యేలా ఉంది, ఓపిగ్గా చదువు. ముందుగా ఒక్క మాట. ఆ మూడింట్లో హార్స్‌పవర్ అంకెని అన్నిటికంటే పెద్దగా వేసుకున్న ఆ ఏడు పోర్టుల ఇంజన్ ఉంది చూడు, అది మాత్రం వద్దు. మిగతా రెండూ నీకు పనికొస్తాయి. వాటిలో ఏదన్నది నీ ట్రాక్‌లో మిగతావాళ్లు ఏం వాడుతున్నారో చూసి తేల్చుకోవచ్చు.

మీ బాబాయి ఆర్‌ఎక్స్ 100 గుర్తుందా? 98 సీసీ టూ-స్ట్రోక్, 7500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్. మనం కొనబోయేదీ టూ-స్ట్రోకే, కాకపోతే 3.5 సీసీ. 1/8 స్కేల్ (అసలు కారులో ఎనిమిదో వంతు సైజు) ఆఫ్‌రోడ్ బగ్గీలకి రూల్ ప్రకారం అంతకు మించకూడదు. క్యూబిక్ అంగుళాల లెక్కలో 0.21, అందుకే ట్రాక్‌లో అందరూ "ట్వెంటీ వన్" అంటారు. ఇంత బుల్లి ఇంజన్ పెట్టె మీద రెండున్నర, మూడు హార్స్‌పవర్ అని రాసి ఉంటుంది. అబద్ధమని అనను గానీ అది 30 వేల ఆర్‌పీఎం దాటాక వచ్చే పవర్. మట్టి ట్రాక్‌లో అంత దాకా వెళ్లేది ఎక్కడ? స్ట్రెయిట్ చివర్లో ఓ రెండు మూడు సెకన్లు, అంతే. మిగతా ల్యాప్ అంతా మలుపులు, గుంతలు, జంప్‌లు. హెయిర్‌పిన్ మలుపు తిరగ్గానే పది పదిహేను అడుగుల్లో ట్రిపుల్ జంప్ (వరసగా మూడు దిబ్బలు) ఉందనుకో, అక్కడ ఇంజన్ రిమోట్ ట్రిగ్గర్ నొక్కినంతే లాగాలి. ఎక్కువ లాగితే వెనక టైర్లు మట్టి చిమ్ముతూ బండి తిరిగిపోతుంది, తక్కువ లాగితే జంప్ మధ్యలో పడుతుంది. అంటే నీకు కావలసింది కింది ఆర్‌పీఎంలో మెత్తగా, ఒకేలా వచ్చే పవర్.

పోర్టుల గోల ఇక్కడే వస్తుంది. క్రాంక్‌కేస్‌లోంచి (పిస్టన్ కిందుండే గది) ఫ్యూయల్, గాలి కలిసిన మిశ్రమం పిస్టన్ పైకి వెళ్లడానికి స్లీవ్‌లో (పిస్టన్ ఆడే గొట్టం) ఉండే దారులే పోర్టులు (ఎగ్జాస్ట్‌ది వేరు, దాన్ని లెక్కేయరు). దారులు ఎక్కువుంటే పై ఆర్‌పీఎంలో ఇంజన్ బాగా ఊపిరి తీసుకుంటుంది, ఫ్యూయల్ కూడా అలాగే తాగుతుంది. మూడు పోర్టులుంటే కింద నుంచి సాఫీగా లాగుతుంది, మైలేజీ ఇస్తుంది. ఐదు పోర్టులు వాటి మధ్యలో. పోర్టులు తెరుచుకునే టైమింగ్, క్రాంక్ షాఫ్ట్ కటింగ్ బట్టి ఇది కొంచెం అటూ ఇటూ అవుతుంది, ఒక మంచి ఐదు పోర్టుల ఇంజన్ నాసిరకం మూడు పోర్టుల దానికంటే మెత్తగా ఉండొచ్చు. కానీ బ్యాటరీతో నడిచే బ్రష్‌లెస్ మోటార్ నుంచి ఇప్పుడే ఇటు వస్తున్న నీకు మూడే మేలు. ట్రగ్గీ (ట్రక్కు లాంటి బగ్గీ) కొంటానంటే అప్పుడు ఐదు గురించి మాట్లాడుకుందాం, ఆ బండి బరువు ఎక్కువ, టైర్లు పెద్దవి, లాగడానికి దమ్ము కావాలి.

మైలేజీ అంటే నవ్వుతావేమో, "రేస్ కారుకి మైలేజీ ఏంట్రా" అని. లెక్క చూడు. బగ్గీ ట్యాంక్ 125 సీసీ, అదీ రూలే. ఇఫ్‌మార్ వరల్డ్స్‌లో, అంటే ఈ బుల్లి కార్ల ప్రపంచ పోటీల్లో, ఫైనల్ ఒక గంట. ఎనిమిది నిమిషాలకోసారి నింపుకునే వాడు ఏడు సార్లు పిట్‌లోకి రావాలి, పది నిమిషాలు నడిపే వాడికి ఐదు చాలు. ఆ రెండు స్టాపుల తేడాని ట్రాక్ మీద స్పీడుతో పూడ్చుకోవడం ప్రపంచ స్థాయి డ్రైవర్లకే కష్టం. మీ క్లబ్ మెయిన్ రేస్ 20 నిమిషాలే అనుకున్నా, ఎనిమిది నిమిషాల ఇంజన్‌కి రెండు స్టాపులు, పదిన్నర నిమిషాల దానికి ఒక్కటే. పైగా మీ పిట్‌లో ఫ్యూయల్ పోసేది మీ ఆవిడ తమ్ముడు కదా, ఆ కంగారు మనిషి చేతికి ఫ్యూయల్ గన్ ఎన్నిసార్లు ఇవ్వాలో నువ్వే ఆలోచించుకో.

కార్బురేటర్ నోట్లో పెట్టే ఇన్సర్ట్‌లు (గాలి దారిని సన్నం చేసే రింగులు) కూడా ఇందుకే. 6, 6.5, 7 మిల్లీమీటర్లు, ఇలా ఇంజన్‌తో పాటు ఒకటి రెండు వస్తాయి. చిన్నది పెడితే గాలి తగ్గి పవర్ మెత్తబడుతుంది, ట్యాంక్ ఎక్కువసేపు వస్తుంది. ముందు చిన్నదే పెట్టి నడుపు. చేయి కుదిరాక పెద్దది పెట్టి చూడు, ల్యాప్ టైమ్ తగ్గకపోతే మళ్లీ చిన్నదే.

ఇవన్నీ ఒక ఎత్తు, ఐడిల్ (ట్రిగ్గర్ వదిలేసినా ఇంజన్ ఆరకుండా నడవడం) ఒక ఎత్తు. గాల్లో ఉన్నప్పుడో మలుపులో బ్రేక్ వేసినప్పుడో ఇంజన్ ఆరిపోతే కథ అయిపోయినట్టే, ఎవరో పరిగెత్తుకెళ్లి బండి తెచ్చి, ఇంజన్ స్టార్ట్ చేసే స్టార్టర్ బాక్స్ మీద పెట్టేలోగా మూడు ల్యాపులు పోతాయి. డర్ట్ నైట్రో ఛాలెంజ్ రేసులకి ఇక్కడ ఫీనిక్స్ వచ్చినప్పుడు విన్నావుగా, గెలిచే వాళ్ల బండ్లు పిట్ లేన్‌లో ఎంత కుదురుగా గుర్‌గుర్‌మంటూ ఉంటాయో. కొనే ముందు ఎవరి దగ్గరైనా అదే ఇంజన్ ఉంటే, బాగా వేడెక్కాక కార్బురేటర్ దగ్గర ఫ్యూయల్ ట్యూబ్‌ని రెండు వేళ్లతో నొక్కి పట్టుకోమను. రెండు మూడు సెకన్లు అలాగే నడిచి, శబ్దం కొద్దిగా పైకి లేచి, ఆరిపోవాలి. నొక్కగానే ఠక్కున ఆరితే కింది నీడిల్ (కింది ఆర్‌పీఎంలో ఫ్యూయల్ ఎంత వెళ్లాలో సర్దే స్క్రూ) లీన్‌గా, అంటే ఫ్యూయల్ తక్కువగా ఉన్నట్టు, ఆరకుండా చాలాసేపు సాగుతూ ఉంటే రిచ్‌గా, అంటే ఎక్కువగా ఉన్నట్టు. నీడిల్ కదిపి సరిచేసినా పది నిమిషాల్లో మళ్లీ మారిపోయే ఇంజన్ అయితే దండం పెట్టి పక్కకి వచ్చేయ్.

బ్రాండ్ సంగతి. జపాన్ ఓ.ఎస్. 1936 నుంచి ఇంజన్లు చేస్తోంది, ఇటలీ వైపు పికో, రెడ్స్ లాంటివి ఉన్నాయి. పేరున్న వాటిలో ఏదీ చెత్త కాదు. నా సలహా ఒక్కటే, మీ ట్రాక్‌లో ఎక్కువమంది దగ్గర ఏది ఉందో అది. శనివారం సాయంత్రం బేరింగ్ పోతే ఆదివారం పొద్దున్నే ఎవరో ఒకరి పెట్టెలో దొరకాలి. నీడిల్ ఎన్ని తిప్పులు ఉండాలో అడిగితే చెప్పేవాడు పక్క టేబుల్ మీద ఉండాలి. ఒకే కంపెనీలో ఖరీదైన మోడల్‌కీ మధ్యరకానికీ తేడా ఎక్కువగా సెరామిక్ బేరింగ్, డీఎల్‌సీ కోటింగ్ (వజ్రంలాంటి గట్టి కార్బన్ పూత) ఉన్న క్రాంక్, బ్యాలెన్స్ చేసిన భాగాలు, ఇలాంటివాటిలో ఉంటుంది. అవి మంచివే, ఇంజన్‌కి ఆయుష్షు పెరుగుతుంది. కానీ ట్యూనింగ్ నేర్చుకునేటప్పుడు ఇంజన్ కాస్త దెబ్బలు తింటుంది, ఆ దెబ్బలు మధ్యరకం తినడమే నయం. మిగిలిన డబ్బుతో మంచి పైప్, క్లచ్ కొను.

పైప్ అనగానే "సైలెన్సరే కదా" అనకు. ఆర్‌ఎక్స్ 100కి సైలెన్సర్ మార్చిన వాళ్లందరికీ తెలుసు, టూ-స్ట్రోక్‌లో సగం పవర్ అక్కడే ఉంటుంది. ఎగ్జాస్ట్‌లోంచి వెళ్లిన ఒత్తిడి అల పైప్‌లో వెనక్కి తిరిగొచ్చి, బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి తోస్తుంది. ఆ అల ఏ ఆర్‌పీఎంలో సరిగ్గా టైమ్‌కి వస్తుందన్నది పైప్ ఆకారం, పొడవు బట్టి ఉంటుంది. అందుకే ఇంజన్ తయారీదారు ఏ పైప్ చెబితే అదే తీసుకో, కాంబోగా అమ్మితే ఇంకా మంచిది. పై ఆర్‌పీఎం కోసం చేసిన టాప్ ఎండ్ పైప్‌ని మూడు పోర్టుల ఇంజన్‌కి తగిలించి "ఇది లాగట్లేదు" అని నాకు ఫోన్ చేస్తే కట్ చేస్తా.

ఇంజన్ రాగానే ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పి చూడు. సగం దాకా సాఫీగా వచ్చి, పిస్టన్ పైకి చేరే చోట పట్టేస్తుంది, ఎంత తిప్పినా కదలదు. పాడైపోయిందని కంగారుపడి రిటర్న్ పెట్టకు. అదే పించ్. లోపల పిస్టన్ రింగులేవీ ఉండవు, ఇత్తడి స్లీవ్ లోపల క్రోమ్ పూత, పైకి పోయేకొద్దీ సన్నబడే ఆకారం. వేడెక్కితే స్లీవ్ వ్యాకోచించి పిస్టన్‌కి సరిగ్గా సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్టర్ బాక్స్ మీద పెట్టి బలవంతంగా తిప్పితే ఆ భారమంతా కన్‌రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) మీద పడుతుంది. అందుకని హెయిర్ డ్రయ్యర్‌తోనో హీట్ గన్‌తోనో హెడ్ బాగా వేడెక్కే దాకా ఆగు. బ్రేక్-ఇన్ (కొత్త ఇంజన్‌ని మెల్లగా అలవాటు చేయడం) అప్పుడు కాస్త రిచ్‌గా పెట్టి, వేడి చేసి, నడిపి, ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ. ఆపేటప్పుడు పిస్టన్ కిందికి ఉండేలా ఫ్లైవీల్ తిప్పి వదిలేయ్, లేకపోతే చల్లారుతూ స్లీవ్ దాన్ని బిగించేస్తుంది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా, మొదటి గ్యాలన్ అయ్యేదాకా ఫుల్ థ్రాటిల్ ముచ్చట్లు పెట్టుకోకు.

ఫ్యూయల్ విషయంలో ఒక్క జాగ్రత్త. నువ్వు చూసే యూరప్ వాళ్ల వీడియోల్లో సెటప్ ఉన్నదున్నట్టు కాపీ కొట్టకు. అక్కడ 2021 నుంచి మామూలు జనానికి లైసెన్స్ లేకుండా 16 శాతం దాటిన నైట్రోమీథేన్ అమ్మకూడదు, పేలుడు పదార్థాల రూల్. మనం ఇక్కడ అమెరికాలో 30 శాతం పోస్తాం. నైట్రో తగ్గితే హెడ్ (ఇంజన్ పై మూత) కింద షిమ్ (పలచని రింగు) తగ్గించి కంప్రెషన్ పెంచుతారు, పెరిగితే షిమ్ పెంచుతారు. వాళ్ల షిమ్‌తో నీ 30 శాతం పోస్తే నువ్వు అనుకున్నదానికంటే ముందే మండి గ్లో ప్లగ్గులు (వేడి తీగతో మిశ్రమాన్ని మండించేవి) వరసగా పోతాయి. ప్లగ్ తీసి చూస్తే తెలుస్తుంది, ప్లాటినం తీగ మెలితిరిగో, బూడిదరంగుకి తిరిగో ఉంటుంది. బాగున్న ప్లగ్‌లో తీగ ఇంకా మెరుస్తూ ఉంటుంది.

మీ డాలస్ ఉక్క వేసవిలో గాలి పలచన, నీడిల్ కాస్త లీన్ వైపు తిప్పాల్సి వస్తుంది. చలికాలం పొద్దున్నే గాలి చిక్కగా ఉంటుంది, అప్పుడు రిచ్ చెయ్యాలి. మా ఎడారిలో కుదిరిన నీడిల్ నీకు కుదరదు, కాబట్టి నన్ను అంకెలు అడగకు. గడియారంలో ఒక గంట దూరం, అంతే తిప్పు ఒక్కోసారి. తిప్పి రెండు ల్యాపులు నడిపి చూడు. టెంపరేచర్ గన్‌తో హెడ్ మీద 220 నుంచి 250 ఫారెన్‌హీట్ మధ్య ఉంటే నిశ్చింత, కానీ అంకె కంటే పైప్‌లోంచి వచ్చే సన్నని పొగ గీతని నమ్ముకో. స్ట్రెయిట్‌లో పొగే కనపడకపోతే వెంటనే లోపలికి రా.

సెకండ్ హ్యాండ్ అడిగావు. పించ్ ఎంత మిగిలిందో, పిస్టన్ కింద ఉన్నప్పుడు కన్‌రాడ్ ఎంత ఊగుతుందో, బేరింగ్ గరగరలాడుతోందో లేదో, ఈ మూడూ చేత్తో చూడకుండా ఫొటో చూసి కొనకు. "రెండు గ్యాలన్లే నడిచింది" అని అందరూ అంటారు. వాడాక ఆఫ్టర్-రన్ ఆయిల్ వేయనివాడి ఇంజన్ అయితే బేరింగ్‌లకి తుప్పు పట్టి ఉంటుంది, ఎందుకంటే ఫ్యూయల్‌లో ఉండే మిథనాల్ తేమని లాక్కుంటుంది, మీ ఊళ్లో తేమకి కొదవా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల. మొదటిది కొత్తదే కొను.

సరే, ఈ ఆదివారం ట్రాక్‌కి వెళ్లి ఎవరెవరు ఏ ఇంజన్‌తో పరిగెడుతున్నారో చూసి, క్లచ్ బెల్‌కి (క్లచ్ మీదుండే పళ్ల చక్రం) ఎన్ని పళ్లున్నాయో కూడా అడిగి రాసిపెట్టు. అది తెలిస్తే నీకు ఏ పైప్ కావాలో నేను చెబుతా, ఈ లోపు ఆ కార్డ్ మాత్రం పర్సులోంచి తీయకు.

నీ,
రఘు