రేవు విడిచిన పంటు

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రేమపాటలు జనం నోట నిలవడం లేదని, సాహిత్యం పడిపోయిందని ఈ పేజీలో తరచూ ఉత్తరాలు వస్తున్నాయి. కోనసీమలో తీసే షార్ట్ ఫిల్ములకూ, ప్రైవేటు ఆల్బమ్‌లకూ బాణీ విని మాటలు కూర్చేవాళ్లుగా మా అభిప్రాయం వేరు. చాలా పాటలు చెడుతున్నది సాహిత్యం తక్కువై కాదు, కథ ఎక్కువై.

తెరమీది జంటలో అభిమాని తన మనిషిని చూసుకోవాలంటే పాటలో కాస్త చోటుండాలి. నాయిక పేరు, చదివే కాలేజీ, నాన్న పెట్టిన షరతు అన్నీ పల్లవిలోనే కుక్కితే ఆ పాట ఆ ఇద్దరిదే అయిపోతుంది. 1925లో పుస్తకంగా వచ్చిన నండూరి సుబ్బారావుగారి పాటల నిండా ఎంకి పేరే కదా అనవచ్చు. ఆ ఎంకికి నటి ముఖం లేదు. చదివినవాళ్లు తమకు తెలిసిన ముఖం పెట్టుకున్నారు. సినిమా పాటకు ఆ వీలు లేదు, ముఖం ముందే పోస్టరెక్కేసి ఉంటుంది.

పేరు బదులు ఇద్దరి మధ్యా ఒక్క వస్తువు చాలు. గోదారి, వెన్నెల, కొబ్బరాకు అరిగిపోయాయి. నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంటును, అంటే జనాన్నీ బళ్లనూ గోదారి దాటించే పెద్ద పడవను తీసుకోండి. అది వెళ్లిపోతే తర్వాతిది వచ్చేదాకా ఇద్దరూ గట్టు మీద ఉండాల్సిందే.

బాణీ ముందొస్తుంది, 'తననా' అనో డమ్మీ మాటలతోనో. అది 3+4 మాత్రల మిశ్రగతి, అంటే ఏడేసి మాత్రల నడక అనుకుందాం. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికీ సున్నా ఉన్న అక్షరానికీ రెండు. 'ఆఖరి పంటు' అని రాశామా, మాత్రలు ఏడే, కానీ 4+3. గాయకుడు 'ఆఖ – రిపంటు' అని విరుస్తాడు. వినేవాడికి అదేదో కొత్త ఊరి పేరులా ఉంటుంది! అదే 'రేవు విడిచిన పంటు చూస్తూ' అంటే 3+4, 3+4. ప్రతి మాటా తాళం దెబ్బ మీద మొదలై, తర్వాతి దెబ్బకు ముందే ముగుస్తుంది. కాగితం మీద లెక్క సరిపోయినా పాడితే తెలిసే తప్పు ఇది. అందుకే చేత్తో తాళం వేస్తూ పైకి చదవనిదే ట్రాక్ సింగర్‌కు, అంటే నమూనాగా ముందు పాడేవారికి పంపకూడదు.

స్వరం సాగేచోట హ్రస్వంతో ముగిసే మాట పెడితే ఇంకో చిక్కు. 'పడవ' కాస్తా 'పడవా' అయి, పడవను పిలిచినట్టుంటుంది. అక్కడ 'రేవులో', 'రావా' లాంటి మాటలు పడాలి. పై స్థాయిలో ఆ-కారం నోరు తెరిపిస్తుంది, ఊ-కారం మూస్తుంది. వేగం పెరిగితే ఒత్తులు నోట్లోనే మాయమైపోతాయి. మన జిల్లాల ముద్దుమాట 'కొబ్బరిచెట్టు' సగం పాటల్లో 'కొబరిచెటు'గానే వినిపిస్తోంది.

పిలుపు కూడా చూసుకోవాలి. పల్లవిలో 'నువ్వు' అన్న పిల్ల చరణంలో 'ఏమండీ' అంటే మధ్యలో పెళ్లైనట్టు లెక్క. అది కావాలని చేస్తే అందమే, ప్రాస కోసం చేస్తే బంధమే తారుమారు.

రెండు చరణాల్లోనూ ఒకే విరహం పోయకూడదు, కాలం జరగాలి. పల్లవి మొదటిసారి పాడినప్పుడు పంటు తప్పిపోవడం కలిసుండటానికి సాకు. రెండో చరణం తర్వాత అదే పంటులో ఒకరు వెళ్లిపోయారు. పల్లవిలో అక్షరం మార్చలేదు, అర్థం మారింది. అభిమానులు కళ్లు తుడుచుకునేది అక్కడ. ఇందుకు కథ చెప్పనక్కర్లేదు, దృశ్యం చూపిస్తే చాలు.

ఇప్పుడు పాటకు తెరమీది జంటల క్లిప్పులు అతికించి ఫోన్లలో తిప్పేది అభిమానులే. నిమిషానికి 90 బీట్ల పాటలో 4 బీట్ల బార్లు (తాళం ఆవృతాలు) 8 అంటే 21 సెకన్ల పైచిలుకు. పల్లవి అందులో ముగిస్తే 30 సెకన్ల క్లిప్పులో ముందు ఆలాపనకూ చోటు మిగులుతుంది. వాళ్లు సాధారణంగా 4 బీట్లకొకసారి, అంటే 2.7 సెకన్లకొకసారి బొమ్మ మారుస్తారు. మాట ఆ కోతకు అటూ ఇటూ చీలితే ఆ పాటను పక్కన పెట్టి ఇంకోటి వెతుక్కుంటారు.

కాబట్టి ఒక మనవి. సంక్రాంతికి పాటల పోటీ పెట్టేవాళ్లు 'ప్రేమ మీద పల్లవి రాయండి' అని వదిలేయకుండా, ఒక బాణీ ఆడియో, ఇద్దరు మనుషుల సందర్భం రెండు వాక్యాల్లో ఇవ్వాలి. మీరు పాటలు అచ్చువేసేటప్పుడు గాయకుల పేరు పక్కనే రాసినవారి పేరూ వేయండి. పాదాలు విరిచేటప్పుడు కాలమ్ వెడల్పును బట్టి కాకుండా గతిని బట్టి విరవండి.

– బాణీలకు పాటలు రాసే మిత్రులం, రాజోలు