బ్యాటరీ సబ్సిడీ ఏ మెట్టు మీద పెట్టాలి? భారీ పరిశ్రమల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర భారీ పరిశ్రమల శాఖ మంత్రి శ్రీ హెచ్.డి. కుమారస్వామి గారికి,

నమస్కారం.

అధునాతన బ్యాటరీ సెల్లకు పీఎల్‌ఐ (ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకం) కింద 18,100 కోట్ల రూపాయలు ఇవ్వాలని కేంద్ర మంత్రివర్గం 2021 మేలో నిర్ణయించింది. లక్ష్యం ఏడాదికి 50 గిగావాట్ అవర్ల సెల్లు చేసే సామర్థ్యం (ఒక గిగావాట్ అవర్ అంటే పది లక్షల కిలోవాట్ అవర్లు). 2022లో గెలిచిన నాలుగు కంపెనీల్లో ఒకటి ఒప్పందం దాకా రాలేదు. మిగిలిన మూడింటికీ కలిపి 30 గిగావాట్ అవర్లు కేటాయిస్తే, 2025 నాటికి చెప్పుకోదగ్గ సంఖ్యలో సెల్లు బయటికి వచ్చింది తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోని ఒక్క ప్లాంటు నుంచే. అదీ ఒకటి రెండు గిగావాట్ అవర్ల స్థాయిలో. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సెల్లకంటే ముందు వాటి గిగావాట్ల లెక్కలు పత్రికలకెక్కాయి.

తప్పంతా కంపెనీలదే అనలేం. సబ్సిడీ లెక్క కట్టిన పద్ధతిలోనే లోపం ఉంది. గత అయిదేళ్లలో వివిధ దేశాల కార్ల కంపెనీలు తమ బ్యాటరీ ప్రణాళికలను ఎలా తిరగరాసుకున్నాయో చూస్తే అది ఎక్కడుందో తెలుస్తుంది.

మన పథకంలో ప్రోత్సాహకాన్ని ఒక పట్టిక ప్రకారం కడతారు. సెల్ కిలోకు ఎన్ని వాట్ అవర్లు ఇస్తుంది, ఎన్నిసార్లు చార్జ్ చేసినా నిలుస్తుంది అన్నవి ఆ పట్టికలోని రెండు కొలతలు. 2021లో అది సబబుగానే కనిపించింది. అప్పట్లో యూరప్, కొరియా, అమెరికా కంపెనీలు నికెల్ ఎక్కువగా ఉండే ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీసు, కోబాల్ట్ కలిసిన రసాయనం) వైపే చూస్తున్నాయి. ఎన్‌ఎంసీ సెల్ కిలోకు 250 వాట్ అవర్లు దాటుతుంది. ఇనుము, ఫాస్ఫేట్‌తో చేసే ఎల్‌ఎఫ్‌పీ 160–190 దగ్గరే ఆగుతుంది. వోల్టేజీలోనూ వెనకే: అది 3.7 అయితే ఇది 3.2. కాగితం మీద ఓడిపోవాల్సిన సెల్ ఇది.

కానీ 2024 నాటికి ప్రపంచంలో విద్యుత్ కార్లకు వాడిన బ్యాటరీల్లో దాదాపు సగం ఎల్‌ఎఫ్‌పీయే. సెల్‌లో తగ్గని బరువును ప్యాక్‌లో, అంటే సెల్లన్నీ పేర్చి కారులో అమర్చే పెట్టెలో, తగ్గించారు. సెల్లను గుంపులుగా ఉంచే మాడ్యూల్ పెట్టెలు, వాటి బోల్టులు, వాటిని కలిపే అదనపు లోహపు పట్టీలు (బస్‌బార్లు) తీసేసి పొడవాటి సెల్లనే ప్యాక్‌కు దూలాల్లా వాడుకున్నారు. 2020 మార్చిలో చైనా కంపెనీ బీవైడీ చూపించిన బ్లేడ్ బ్యాటరీ అదే. అంత తేలిగ్గా మంటకు లొంగని రసాయనం కాబట్టే సెల్లను అంత దగ్గరగా పేర్చగలిగారు. 2021 అక్టోబరులో టెస్లా తన స్టాండర్డ్ రేంజ్ కార్లన్నింటినీ ఎల్‌ఎఫ్‌పీకి మారుస్తున్నట్టు ప్రకటించింది. మన రోడ్ల మీద నెక్సాన్ ఈవీ, మహీంద్రా బీఈ 6, గుజరాత్ హన్సల్‌పూర్ నుంచి ఎగుమతయ్యే మారుతి ఈ-విటారా, అన్నింట్లోనూ ఇదే. మన పట్టిక మాత్రం ఇప్పటికీ కిలోకు వాట్ అవర్ల దగ్గరే ఉంది.

యూరప్ ఈ పాఠాన్ని చాలా ఖర్చు పెట్టి నేర్చుకుంది. స్వీడన్‌లో బ్యాటరీ కంపెనీ నార్త్‌వోల్ట్ 16 గిగావాట్ అవర్ల ప్లాంటు కట్టి, 2023లో 1 గిగావాట్ అవర్‌ను కూడా అందుకోలేకపోయింది. 2024లో బీఎండబ్ల్యూ 200 కోట్ల యూరోల ఆర్డరు వెనక్కి తీసుకుంది. 2025 మార్చిలో కంపెనీ దివాలా తీసింది. డబ్బుకూ ఆర్డర్లకూ కొదవ లేదు. మొదటి లైను కుదురుకోకముందే క్యాథోడ్ (సెల్ ధన ధ్రువం) పదార్థం, రీసైక్లింగ్, మరో రెండు మూడు ఫ్యాక్టరీలు ఒకేసారి నెత్తికెత్తుకుంది. స్టెలాంటిస్, మెర్సిడెస్ భాగస్వాములుగా ఉన్న బ్యాటరీ కంపెనీ ఏసీసీ 2024లో జర్మనీ, ఇటలీ ప్లాంట్లను ఆపి చవక రసాయనం గురించి ఆలోచనలో పడింది. అదే ఏడాది డిసెంబరులో స్టెలాంటిస్ చైనా కంపెనీ సీఏటీఎల్‌తో కలిసి స్పెయిన్‌లోని జరగోజాలో 410 కోట్ల యూరోలతో ఎల్‌ఎఫ్‌పీ ప్లాంటుకు సిద్ధమైంది. రెనో కూడా ఎల్‌జీ, సీఏటీఎల్‌ల నుంచి ఎల్‌ఎఫ్‌పీ తీసుకుంటోంది.

వీళ్లందరిలో మాకు తెలివైనదిగా కనిపించింది ఫోక్స్‌వ్యాగన్ పద్ధతి. సెల్ డబ్బా కొలతలను ముందే ఖాయం చేసుకుంది. లోపల ఎన్‌ఎంసీ పెట్టినా, ఎల్‌ఎఫ్‌పీ పెట్టినా, రేపు సోడియం పెట్టినా డబ్బా మారదు, కాబట్టి ప్యాక్ డిజైన్ మారదు. 2025 డిసెంబరులో జర్మనీలోని జాల్స్‌గిట్టర్‌లో ఈ సెల్లు తయారవడం మొదలైంది. 2021లో 6 ప్లాంట్లు, 240 గిగావాట్ అవర్లు అన్న కంపెనీ అక్కడ 20తో మొదలుపెట్టింది. చిన్నతనంగా అనుకోలేదు.

అమెరికాలో కథ వేరు. ఫోర్డ్ 2023 ఫిబ్రవరిలో సీఏటీఎల్ లైసెన్సుతో మిషిగన్‌లో 350 కోట్ల డాలర్ల ఎల్‌ఎఫ్‌పీ ప్లాంటు ప్రకటించి, నవంబరుకల్లా దాని సైజు తగ్గించింది. 2025 డిసెంబరులో కెంటకీ ప్లాంటును కార్ల సెల్ల నుంచి గ్రిడ్ స్టోరేజీ (కరెంటు గ్రిడ్ కోసం విద్యుత్ నిల్వ చేసే బ్యాటరీలు) వైపు తిప్పుతున్నట్టు చెప్పింది. జనరల్ మోటార్స్ టెనెసీలోని స్ప్రింగ్‌హిల్ ప్లాంటును ఎల్‌ఎఫ్‌పీకి మారుస్తోంది. పెద్ద ట్రక్కులకు 2028 నుంచి ఎల్‌జీతో కలిసి మాంగనీసు ఎక్కువుండే సెల్ తెస్తానంటోంది. అందులో సుమారు 65 శాతం మాంగనీసు, 35 శాతం నికెల్, కోబాల్ట్ నామమాత్రం. చార్జ్ చేసే కొద్దీ వోల్టేజీ దిగజారడం ఈ రసాయనానికి పాత జబ్బు. అది ఎంతవరకు నయమైందో రోడ్డు మీదే తేలాలి.

జపాన్ గురించి ఒక్క మాట చాలు. నిస్సాన్ 2025 జనవరిలో కిటాక్యూషులో ఎల్‌ఎఫ్‌పీ ప్లాంటు కడతానని ఒప్పందం చేసుకుని మేలోనే రద్దు చేసింది. టయోటా సాలిడ్ స్టేట్ (ద్రవ ఎలక్ట్రోలైట్ బదులు ఘన పదార్థం వాడే) సెల్‌ను 2027–28కి తెస్తానంటూనే, హైబ్రిడ్ బ్యాటరీలతో ఫ్యాక్టరీలను నడుపుకుంటోంది.

అయిదేళ్లలో రసాయనం మారింది, డబ్బా ఆకారం మారింది, చివరికి సెల్ వెళ్లే చోటు కూడా మారింది. ఒప్పందం కుదిరిన రోజున ఉన్న అంచనాతో అయిదేళ్ల సబ్సిడీని కట్టేస్తే ఏమవుతుందో ఇక వేరే చెప్పక్కర్లేదు. అందుకే, ఏ రసాయనం వచ్చినా మారని పనులకు డబ్బు ముట్టాలని మా వాదన.

మొదటిది, మంచి సెల్లు ఎన్ని వచ్చాయన్నది. సెల్ తయారీలో పొడిని ద్రావకంతో కలపడం, రేకు మీద పూయడం, ఆరబెట్టడం, రోలర్ల కింద నొక్కడం, కోయడం, పేర్చడం, కరెంటు బయటికి తెచ్చే ట్యాబులు వెల్డ్ చేయడం, ఎలక్ట్రోలైట్ ద్రవం నింపడం, మొదటి చార్జ్, పరీక్షించి మంచివి ఏరడం (గ్రేడింగ్) అని పది మెట్లు వేసుకోండి. ఒక్కో మెట్టులో 98 శాతం సరిగ్గా వస్తే బాగానే ఉందనిపిస్తుంది. పది మెట్లూ దాటేసరికి మిగిలేది 82 శాతమే. 95 చూడాలంటే ప్రతి మెట్టులోనూ 99.5 రావాలి. తేడా ఎక్కడొస్తుందంటే చిన్న చిన్న విషయాల్లో. రాగి రేకు మందం 6–8 మైక్రాన్లు. పూత అంచు కాస్త ఎత్తుగా వచ్చినా రోలర్ కింద ముడత పడుతుంది. ఎలక్ట్రోలైట్ నింపే గదిలో డ్యూ పాయింట్ (గాలిలో తేమను చెప్పే కొలత) మైనస్ 40 డిగ్రీలకు పైకి పాకితే, అందులోని లిథియం లవణం తేమతో కలిసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. వర్షాకాలంలో మన దగ్గర ఆ డ్రైరూమ్ (తేమ తీసేసిన గది) కరెంటు బిల్లు స్వీడన్ లెక్కల్లో ఉండదు. కోతలో రాలిన లోహపు రజను వెంటనే పట్టుబడదు. రెండు మూడు వారాలు సెల్లను నిల్వ ఉంచి వోల్టేజీ ఎంత జారిందో చూస్తే తప్ప తెలియదు. అంటే ఈ రోజు జరిగిన తప్పు వచ్చే నెలలో బయటపడుతుంది. ఈలోపు అదే తప్పుతో లక్షల సెల్లు వరసలో ఉంటాయి.

జనరల్ మోటార్స్ విద్యుత్ కారు షెవర్లే బోల్ట్ ఉదంతం అందుకు సాక్ష్యం. ఒకే సెల్‌లో చిరిగిన యానోడ్ (రుణ ధ్రువం) ట్యాబు, మడతపడ్డ సెపరేటర్ (ధ్రువాలను వేరుచేసే పొర) రెండూ కలిస్తేనే మంటలు వచ్చేవి. అరుదైన ఆ కలయిక కోసం సుమారు 1,42,000 కార్లను వెనక్కి పిలిచారు. ఆ సెల్లు చేసిన ఎల్‌జీ దాదాపు 190 కోట్ల డాలర్లు భరించింది.

కాబట్టి ప్రోత్సాహకాన్ని గ్రేడింగ్ దాటి అమ్ముడైన ప్రతి కిలోవాట్ అవర్‌కు ఇస్తూనే, యీల్డ్ (వందకు వచ్చే మంచి సెల్ల వాటా) పెరిగే కొద్దీ ప్రోత్సాహక రేటును పెంచండి. ప్లాంటు సామర్థ్యం మీద గడువులు పెట్టి ఆలస్యానికి రోజువారీ జరిమానా వేస్తే, కంపెనీ చేసేది ఒకటే: కుదురుకోని లైను పక్కన రెండో లైను పెట్టడం. నార్త్‌వోల్ట్ చేసింది అచ్చంగా అదే. మొదటి 2 గిగావాట్ అవర్ల మీద 90 శాతం యీల్డ్ ఆరు నెలలు నిలబడ్డాకే తర్వాతి విస్తరణ గడువు మొదలవ్వాలి.

రెండోది క్యాథోడ్ పొడి. మా దృష్టిలో అసలు ముడి ఇక్కడే ఉంది. ఒక గిగావాట్ అవర్ ఎల్‌ఎఫ్‌పీ సెల్లకు వృథాతో కలిపి సుమారు 2,200 టన్నుల పొడి కావాలి. దానికి 500 టన్నులకు పైగా లిథియం కార్బొనేట్, 1,300–1,400 టన్నుల శుద్ధ ఫాస్ఫారిక్ ఆమ్లం. యానోడ్‌కు మరో 1,000 టన్నుల గ్రాఫైట్. 50 గిగావాట్ అవర్లకు గుణించి చూడండి. ఈ పొడి ప్రపంచంలో దాదాపు అంతా చైనాలోనే తయారవుతోంది. 2025 జులైలో ఎల్‌ఎఫ్‌పీ క్యాథోడ్ తయారీ పరిజ్ఞానాన్ని చైనా ఎగుమతి ఆంక్షల జాబితాలో చేర్చింది. అదే ఏడాది అక్టోబరులో పొడి, కృత్రిమ గ్రాఫైట్, యంత్రాల మీదా ఆంక్షలు ప్రకటించి, తర్వాత 2026 నవంబరు దాకా వాయిదా వేసింది. వాయిదా వేరు, ఎత్తేయడం వేరు.

ఆ ఆంక్షలు ప్రధానంగా గురిపెట్టింది నొక్కుడు సాంద్రతను. పొడిని రోలర్ల కింద ఎంత గట్టిగా నొక్కవచ్చన్నదే అది. ఘన సెంటీమీటరుకు 2.4 గ్రాములు ఉన్న పొడి బదులు 2.6 ఉన్నది వాడితే అదే డబ్బాలో 8 శాతం ఎక్కువ పదార్థం పడుతుంది. దీన్ని సాధించడానికి ఐరన్ ఫాస్ఫేట్ రేణువుల సైజును అదుపు చేయాలి, నైట్రోజన్ నింపిన కొలిమిలో 700 డిగ్రీలకు పైన గంటల తరబడి, అవసరమైతే రెండుసార్లు కాల్చాలి. కొలిమిలోకి కొంచెం ఆక్సిజన్ చొరబడినా ఇనుము ఆక్సీకరణ చెంది సామర్థ్యం పడిపోతుంది. సెల్లు చేసే లైసెన్సు కొనుక్కోవచ్చు. ఈ పొడి చేసే విద్య ఇక ముందు అంత తేలిగ్గా దొరకదు.

మన దగ్గర దానికి ఆధారం లేకపోలేదు. హైదరాబాద్ బాలాపూర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ తన ఎల్‌ఎఫ్‌పీ పరిజ్ఞానాన్ని ఆల్ట్‌మిన్ కంపెనీకి ఇచ్చింది. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా 16 గిగావాట్ అవర్ల సెల్ ప్లాంటు తలపెట్టింది. 2024లో చైనా బ్యాటరీ కంపెనీ గోషన్ అనుబంధ సంస్థ నుంచి ఎల్‌ఎఫ్‌పీ సెల్ లైసెన్సు తీసుకుంది. విశాఖలో ఎరువుల కోసం ఫాస్ఫారిక్ ఆమ్లం తయారవుతోంది. అయితే ఎరువు గ్రేడు ఆమ్లంలోని లోహపు మలినాలు బ్యాటరీకి పనికిరావు. ద్రావకంతో శుద్ధి చేసే యూనిట్ ఒకటి పక్కన పెట్టాలి. విజయనగరం జిల్లా మాంగనీసుదీ అదే పరిస్థితి: ఖనిజం ఉంది, బ్యాటరీ గ్రేడు సల్ఫేట్‌గా మార్చే మెట్టు లేదు. సెల్ సబ్సిడీలో కొంత భాగాన్ని ఈ మధ్య మెట్లకు మళ్లించండి. అయిదేళ్లలో 60 శాతం దేశీయ విలువ అని షరతు పెట్టి, ఆ విలువ పుట్టే చోట పైసా పెట్టకపోతే షరతు కాగితం మీదే ఉంటుంది.

కొత్త పొడిని ఏ కార్ల కంపెనీ అయినా ఒప్పుకోవడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. నమూనా సెల్లు, వాటి మీద వేల చార్జ్‌లు, ఆ తర్వాత అసలు లైను మీద మరోసారి అవే పరీక్షలు. సొంత లైను లేని చిన్న తయారీదారు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతాడు. కొన్ని పదుల మెగావాట్ అవర్ల ఉమ్మడి పైలట్ లైను ఒకటి, ఫీజు కట్టిన ఎవరికైనా తెరిచి ఉండేలా, ఏఆర్‌సీఐ లాంటి సంస్థ దగ్గర పెట్టించండి. ఒక పెద్ద ప్లాంటు ఖర్చులో అది చిల్లర.

ఇక స్టోరేజీ. కార్లకు గిరాకీ తగ్గినప్పుడు లైనును గ్రిడ్ సెల్లకు తిప్పేయవచ్చని మన టెండర్లు రాసేవాళ్లు అనుకోవద్దు. స్టోరేజీకి ఇప్పుడు ఎక్కువగా వాడే 314 ఆంపియర్ అవర్ల సెల్‌లో పూత మందంగా ఉంటుంది, చార్జింగ్ నెమ్మది. కారు సెల్‌లో పూత పలచన. పేర్చే యంత్రం, డబ్బా, ఆరబెట్టే ఓవెన్ వేగం, మొదటి చార్జ్ పద్ధతి, అన్నీ మార్చాలి. ఎన్‌ఎంసీ లైనును ఎల్‌ఎఫ్‌పీకి మార్చినా అంతే. అన్నే ఆంపియర్ అవర్లు చేసినా వోల్టేజీ తేడా వల్లే 13 శాతానికి పైగా గిగావాట్ అవర్లు తగ్గుతాయి. ఒప్పందంలో రాసిన సామర్థ్యం అందలేదని దానికి జరిమానా వేయడం అన్యాయం. ఇక ముందు పిలిచే టెండర్లలో ఒక్కసారి రసాయనం, ఒక్కసారి డబ్బా సైజు మార్చుకునే అవకాశం జరిమానా లేకుండా ఇవ్వండి. మారే కాలానికి ఆరు నుంచి తొమ్మిది నెలల విరామం రాసిపెట్టండి.

ఆ పాత పట్టికను కూడా పక్కన పెట్టమని కోరుతున్నాం. కిలోకు వాట్ అవర్ల బదులు రెండు సంఖ్యలు అడగండి: 45 డిగ్రీల వేడిలో వెయ్యి చార్జ్‌ల తర్వాత ఎంత సామర్థ్యం మిగిలింది, లైను మీద వందకు ఎన్ని సెల్లు పాసయ్యాయి.

ఇట్లు,
సెల్ తయారీ, ప్యాక్ డిజైన్ రంగాల్లో పనిచేస్తున్న కొందరు తెలుగు ఇంజనీర్లు