ఎడ్లకున్న పాటి రూలు కుక్కలకు లేదా?

సంపాదకుడికి నమస్కారం.

విజయవాడ ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది? ఈ ఎండల్లోనే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒక రూలు పెట్టింది. పొద్దున వాకింగ్ చేసేవాళ్లకూ, సాయంత్రం ఆడుకునే పిల్లలకూ ఇబ్బందిగా ఉందట. అందుకని కుక్కల్ని పదింటి నుంచి నాలుగింటి లోపే కిందికి దించాలట. పిల్లల భయం నిజమే, కాదనను. కానీ రోహిణి కార్తెలో ఆ వేళకి మనుషులే గుమ్మం దాటరు కదా!

మొన్న పదకొండింటికి పక్క ఫ్లాట్ వాళ్లు తమ పగ్ కుక్కను కిందికి తీసుకెళ్లారు. సిమెంటు టైల్స్ మీద అది ఒక కాలు దించి ఇంకో కాలు ఎత్తుతూ నీడకేసి లాక్కుపోయింది. నేను వంగి అరచెయ్యి ఆనించాను, అయిదు లెక్కపెట్టేలోపే తీసేశాను. పైకి తెచ్చేసరికి నోట్లోంచి చిక్కటి చొంగ, నాలుక ఎర్రగా కందిపోయింది, నిలబడలేక తూలుతోంది. పొట్టా కాళ్లూ నీళ్లతో తడిపి, కాసేపు ఫ్యాన్ కింద ఉంచి ఆటోలో డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. బతికింది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే ఒంట్లో వేడి పోగొట్టుకోవాలి. పగ్‌ది చప్పిడి ముక్కు, దానికి ఆ రొప్పడమూ సరిగ్గా సాగదు.

37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండెడ్లతో పని చేయించకూడదని కేంద్రం 1965లోనే నిబంధనలు తెచ్చింది. ఎడ్లకున్న ఆ పాటి రూలు మా కుక్కలకు లేదు, పైగా అదే వేళకి దించమంటున్నారు.

ఎదురు బిల్డింగ్ డాబా మీద ఇంకో కుక్క ఉంది. ట్యాంకు పైపుకి గొలుసు, పక్కన బోర్లా పడ్డ ప్లాస్టిక్ డబ్బా. పొద్దు తిరిగేకొద్దీ ట్యాంకు నీడ జరుగుతుంది, గొలుసు అందినంత వరకే కుక్క జరుగుతుంది. పెంచుకునే జంతువుకు తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం 1960 నాటి చట్టం ప్రకారం నేరమే. మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు! లీటరు నీళ్ల సీసాయే 20 రూపాయల దాకా ఉన్న రోజుల్లో ఆ జరిమానాకి ఎవరు భయపడతారు? ఆ ఇంటివాళ్లను అడిగితే “కుక్కే కదండీ, అలవాటైపోయింది” అన్నారు.

ఈ ఆదివారం మా అసోసియేషన్ మీటింగ్. వేసవి పోయేదాకా కుక్కల టైమింగ్‌ని పొద్దున ఆరున్నర లోపు, రాత్రి ఎనిమిది తర్వాత అని మార్చమని అడగబోతున్నాను. వెనక గేటు పక్కన వేపచెట్టు కింద మట్టి నేల ఉంది, పిల్లలు ఎటూ అటు ఆడుకోరు. ఇలాంటి రూలే పెట్టిన మిగతా అపార్ట్‌మెంట్ల వాళ్లు కూడా ఒకసారి పదకొండింటికి చెప్పుల్లేకుండా కిందికి దిగి చూడాలని మనవి.

– ఒక పాఠకురాలు, విజయవాడ