నువ్వు రంగేసిన ఫామ్ వేరే మామా

అరేయ్ మామా,

మీ బాబాయ్ షాపుకని నువ్వు విజువల్ స్టూడియోలో (విండోస్ ప్రోగ్రాంలు రాసే సాఫ్ట్‌వేర్) రాస్తున్న బిల్లింగ్ ప్రోగ్రాం గురించి వాట్సాప్‌లో నువ్వు పంపిన ఫొటోలన్నీ చూసిన. స్క్రీన్‌ని ఫోన్‌తోని వంకరగ ఫొటో తీసుడు ఎప్పుడు మానేస్తవో గానీ, సగం ఎర్రర్ ట్యూబ్‌లైట్ మెరుపులోనే పోయింది. వాయిస్ మెసేజ్‌లది ఇంకో లొల్లి, వెనుకనుంచి మీ బాబాయ్ "ముప్పావు ఇంచు పైపు ఎన్ని కట్టలున్నయ్ రా" అని అరుస్తుండు, నువ్వేమో "డేటా మాయమైతుంది రా" అంటున్నవ్. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతవ్, అందుకే కూర్చొని రాస్తున్న. పెద్దగ అయితది, చాయ్ పెట్టుకొని చదువు.

నువ్వు అడిగినవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా వాటికి జబ్బు ఒక్కటే. నువ్వు చూస్తున్నది ఒకటి, ప్రోగ్రాం పట్టుకున్నది ఇంకోటి. ఫామ్ (స్క్రీన్ మీది విండో) కానీ, డేటాబేస్ ఫైల్ కానీ, ఆఖరికి ఈఎక్స్‌ఈ (నడిచే ప్రోగ్రాం ఫైల్) కానీ. నీ లాజిక్ చాలావరకు మంచిగనే ఉంది, కానీ ఇంకో కాపీ మీద పని చేస్తుంది. ఊరికే కోడ్ మార్చి మార్చి పరేషాన్ అవుడు కంటే ముందు "అసలు నేను చూస్తున్నది ఇదేనా" అని అడుగు.

ఫస్ట్ ఆ డేటా మాయమయ్యే సంగతి. నువ్వు ప్రాజెక్ట్‌లోకి ఒక ఎండీఎఫ్ ఫైల్, అంటే డేటా దాచే డేటాబేస్ ఫైల్, యాడ్ చేసినవ్ కదా, లోకల్‌డీబీది (నీ కంప్యూటర్లోనే నడిచే చిన్న ఎస్‌క్యూఎల్ సర్వర్). అది ప్రాజెక్ట్ ఫోల్డర్లో కూర్చుంది, సర్వర్ ఎక్స్‌ప్లోరర్లో నువ్వు తెరిచి చూసేది కూడా దాన్నే. కానీ ప్రోగ్రాం నడిపియ్యనీకి ఎఫ్5 కొట్టంగనే బిల్డ్‌లో (కోడ్‌ని ఈఎక్స్‌ఈగ మార్చే పనిలో) ఆ ఫైల్‌కి ఒక కాపీ తీసి బిన్ ఫోల్డర్లో డీబగ్ లోపల పడేస్తది, కనెక్షన్ స్ట్రింగ్‌లో (డేటాబేస్ ఎక్కడుందో ప్రోగ్రాంకి చెప్పే లైన్) నిలువు గీతల మధ్య ఉన్న డేటాడైరెక్టరీ అనే ముక్క ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆ బిన్ లోపలి ఫోల్డర్‌నే చూపిస్తది. నువ్వు కొట్టిన బిల్లులన్నీ ఆ కాపీలోకి పోయినయ్, నువ్వేమో ప్రోగ్రాం మూసేసి అసలు ఫైల్ తెరిచి టేబుల్ ఖాళీ ఉందని మొత్తుకుంటున్నవ్. బిల్లుని టేబుల్లోకి రాసే ఎగ్జిక్యూట్ నాన్ క్వెరీ 1 అని తిరిగిచ్చింది అన్నవ్ చూడు, అది నిజమే చెప్పింది, ఒక రో నిజంగనే పడ్డది, పక్క ఫైల్లో.

ఇంకా ఘోరం ఏందంటే, ఆ ఫైల్ ప్రాపర్టీస్‌లో కాపీ టు ఔట్‌పుట్ డైరెక్టరీ దగ్గర కాపీ ఆల్వేస్ అని ఉంటే, మళ్ళీ బిల్డ్ కొట్టినప్పుడల్లా ఆ ఖాళీ ఫైల్ వచ్చి నిండిన ఫైల్ మీద పడ్తది. పొద్దున కొట్టిన బిల్లులు గోవిందా. కాపీ ఇఫ్ న్యూయర్ పెట్టినా పూర్తిగ నమ్మకు, సర్వర్ ఎక్స్‌ప్లోరర్లో అసలు ఫైల్‌ని తెరిచి కదిపితే దాని తారీఖు కొత్తదై మళ్ళీ అదే కథ అయితది. డౌట్ ఉంటే ప్రోగ్రాం నుంచే ఒక క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) కొట్టు, సెలెక్ట్ ఫిజికల్ అండర్‌స్కోర్ నేమ్ ఫ్రమ్ సిస్ డాట్ డేటాబేస్ అండర్‌స్కోర్ ఫైల్స్, వచ్చిన పాత్‌ని మెసేజ్ బాక్స్‌లో చూపించు. ఏ ఫైల్ మీద నడుస్తుందో అదే చెప్తది, ఇంక వాదనే లేదు.

పర్మనెంట్ సొల్యూషన్ ఇది. బిన్‌లోకి వచ్చే ఫైల్‌ని ఖాళీ మూసలాగ ఉండనియ్యి. ప్రోగ్రాం స్టార్ట్ అయ్యేటప్పుడు లోకల్ అప్లికేషన్ డేటా ఫోల్డర్లో మన ఫైల్ ఉందా అని చూసి, లేకుంటేనే మూసని అక్కడికి కాపీ చెయ్యి, కనెక్షన్ స్ట్రింగ్ అక్కడి పూర్తి పాత్‌కి పెట్టు. ఎట్లయినా చేయాల్సిందే, ఎందుకంటే రేపు షాపులో ప్రోగ్రాం ఫైల్స్ లోపల ఇన్‌స్టాల్ చేసినవనుకో, మామూలు యూజర్‌కి అక్కడ రాసే పర్మిషన్ ఉండదు, యాక్సెస్ డినైడ్ అంటది, నువ్వు మళ్ళీ నాకు వంకర ఫొటో పెడ్తవ్.

రెండోది ఆ కస్టమర్ ఫామ్. కస్టమర్‌ని సెలెక్ట్ చేస్తే బిల్ ఫామ్‌లో పేరు పడ్తలేదు అన్నవ్. కోడ్ చూసిన, కస్టమర్ ఫామ్‌లో నువ్వు న్యూ బిల్‌ఫామ్ అని రాసి దాని లేబుల్‌కి (స్క్రీన్ మీద రాత చూపించే ముక్క) పేరు పెట్టినవ్. అరేయ్, న్యూ అంటే కొత్తది పుట్టిందిరా! మీ బాబాయ్ దగ్గర రెండు డబ్బాల పెయింట్ తీస్కపోయి గల్లీ చివర్న ఇంకో ఇల్లు కట్టి దానికి రంగేసి, మా ఇంటికి రంగెందుకు పడలే అన్నట్టుంది. ఆ కొత్త ఫామ్‌ని నువ్వు షో చెయ్యలే కాబట్టి అది కనపడదు, ఎర్రర్ కూడా రాదు. బిల్ ఫామ్ నుంచే కస్టమర్ ఫామ్‌ని షోడైలాగ్‌తోని (దాన్ని మూసేదాక కింది ఫామ్‌ని ఆపే పద్ధతి) తెరువు, కస్టమర్ ఫామ్‌లో సెలెక్టెడ్ కస్టమర్ అని ఒక పబ్లిక్ ప్రాపర్టీ పెట్టు, కస్టమర్‌ని ఎంచుకున్నోడు ఓకే కొడితే డైలాగ్‌రిజల్ట్ ఓకే అని సెట్ చెయ్యి, తర్వాతి లైన్లో బిల్ ఫామ్ ఆ ప్రాపర్టీ చదువుకుంటది. షోడైలాగ్‌తో తెరిచిన ఫామ్ మూసినా డిస్పోజ్ కాదు (మెమరీలోంచి పోదు), అందుకే చదవగలుగుతం, కానీ అదే కారణంతోని నువ్వే యూజింగ్ బ్లాక్‌లో (పని అయినంక దానంతట అదే డిస్పోజ్ చేసేది) పెట్టి వదిలించుకోవాలె.

బ్రేక్‌పాయింట్ (కోడ్‌ని మధ్యలో ఆపి చూసే ఎర్ర చుక్క) దగ్గర ఆగుతలేదు, కోడ్ మార్చినా పాత మెసేజే వస్తుంది అన్నవ్ కదా. ఇది కూడా ఆ జబ్బే. బిల్డ్‌లో ఎర్రర్స్ ఉన్నప్పుడు విజువల్ స్టూడియో ఒక బాక్స్ చూపిస్తది, ఎర్రర్స్ ఉన్నయ్, లాస్ట్ టైమ్ సక్సెస్ అయిన బిల్డ్‌ని నడిపించాల్నా అని. నువ్వు చదవకుండ యెస్ కొట్టినవ్, మళ్ళీ చూపియ్యొద్దు అని టిక్ కూడా పెట్టినవేమో. ఇంక నడిచేదంతా నిన్నటి ఈఎక్స్‌ఈ. ఎప్పుడైనా అది అడిగితే నో కొట్టు, ఎర్రర్ లిస్ట్ తెరువు, పైనుంచి మొదటి ఎర్రర్ సరిచెయ్యి, కింద ఉన్నవాటిల్ల సగం దానంతట అవే పోతయ్. ఎర్ర చుక్క బోలుగ మారి సింబల్స్ లోడ్ కాలేదు అంటే, పైన రిలీజ్ అని ఉందా డీబగ్ అని ఉందా చూడు, డీబగ్ ఉండాలె.

ఇంక స్టాక్ లిస్ట్ ఇంపోర్ట్ చేస్తుంటే విండో తెల్లగైపోయి నాట్ రెస్పాండింగ్ అనుడు. దీని గురించి కొంచెం వివరంగ చెప్తా, అందరూ మొదట్లో ఇక్కడనే ఇరుక్కుంటరు. విండోస్ ఫామ్స్‌లో బటన్ నొక్కుడు, కీ కొట్టుడు, స్క్రీన్ మళ్ళీ గీసుడు అన్నీ మెసేజ్‌లలాగ ఒక క్యూలోకి వస్తయ్, వాటిని ఒక్క థ్రెడ్డే (ప్రోగ్రాంలో పని నడిచే ఒక వరుస) ఒకదాని తర్వాత ఒకటి చూస్కుంటది, అదే యూఐ థ్రెడ్. మెయిన్‌లో అప్లికేషన్ డాట్ రన్ అని ఉన్నది ఆ లూపే. నువ్వు బటన్ క్లిక్ లోపలనే ఎక్సెల్ మొత్తం చదువుడు మొదలుపెడితే ఆ థ్రెడ్ వెనక్కి రాదు, క్యూ అట్లనే నిలబడ్తది. 5 సెకన్లు విండో మెసేజ్‌లు తీస్కోకపోతే విండోస్ దానికి నాట్ రెస్పాండింగ్ అని బోర్డు పెట్టేస్తది. ప్రోగ్రాం చావలే, పని చేస్తనే ఉంది, బాబాయ్ మాత్రం కంగారుపడి టాస్క్ మేనేజర్లో చంపేస్తుండు.

నువ్వు తెలివిగ దాన్ని, వేరే థ్రెడ్ మీద పని నడిపే టాస్క్ డాట్ రన్‌లో పెట్టినవ్, అక్కడిదాక కరెక్టే. కానీ దాని లోపలనుంచే లేబుల్ టెక్స్ట్ మార్చినవ్, అందుకే క్రాస్ థ్రెడ్ ఆపరేషన్ నాట్ వాలిడ్ అని తిట్టింది. కంట్రోల్‌ని ఏ థ్రెడ్ పుట్టించిందో అదే ముట్టుకోవాలె. ఇప్పుడు నువ్వు చూసిన ఆ యూట్యూబ్ అన్న చెప్పిన చిట్కా, చెక్ ఫర్ ఇల్లీగల్ క్రాస్ థ్రెడ్ కాల్స్‌ని ఫాల్స్ చేసెయ్ అన్నది, దాన్ని మాత్రం ఇప్పుడే తీసెయ్. అది ఎర్రర్‌ని సరిచెయ్యదు, చెప్పేవాడి నోరు మూస్తది అంతే. ఆ చెకింగ్ డీఫాల్ట్‌గ డీబగ్గర్ తగిలించి, అంటే విజువల్ స్టూడియో నుంచి ఎఫ్5 కొట్టి నడిపినప్పుడే ఆన్ ఉంటది, అందుకే నీ లాప్‌టాప్‌లో ఎర్రర్ వచ్చింది, షాపులో డైరెక్ట్ ఈఎక్స్‌ఈ నడిపితే ఎర్రర్ రాకుండ ఎప్పుడో ఒకసారి స్క్రీన్ పిచ్చిపిచ్చిగ అయితది, అప్పుడు ఎక్కడ వెతుకుతవ్?

సరైన పద్ధతి అంత కష్టం కూడా కాదు. బటన్ క్లిక్ ఫంక్షన్‌కి ఎసింక్ (మధ్యలో ఆగి మళ్ళీ కొనసాగొచ్చు అని చెప్పే మాట) పెట్టు, ఫైల్ చదివే పని మాత్రమే టాస్క్ డాట్ రన్ లోపల పెట్టి ముందు అవెయిట్ (యూఐని ఆపకుండ ఆ పని అయ్యేదాక ఆగమనే మాట) రాయి, లేబుల్, గ్రిడ్ నింపుడు అంతా అవెయిట్ తర్వాతి లైన్లలో పెట్టు. అవెయిట్ అయినంక కోడ్ మళ్ళీ యూఐ థ్రెడ్ మీదికే వస్తది. మధ్యలో ఎన్ని ఐటమ్స్ అయినయ్ అని చూపియ్యాలంటే ప్రోగ్రెస్ అనే క్లాస్ ఉంది, దాన్ని ఫామ్‌లోనే న్యూ చేసి లోపలికి పంపు. డాట్ రిజల్ట్, డాట్ వెయిట్ (పని అయ్యేదాక థ్రెడ్‌ని ఆపేసేవి) మాత్రం యూఐ థ్రెడ్ మీద వాడకు, ఎసింక్ ఫంక్షన్ మీద వాడితే యూఐ దానికోసం, అది యూఐకోసం ఎదురుచూస్కుంట ఇద్దరూ అట్లనే కూర్చుంటరు.

తెలుగు పేర్లు. ఇది నాకు చాలా నచ్చిన ప్రశ్న. కస్టమర్ పేరు తెలుగులో కొడితే సేవ్ అయినంక అన్నీ క్వశ్చన్ మార్కులు వస్తున్నయ్ అన్నవ్, ఫాంట్ మార్చి చూసిన అన్నవ్. ఫాంట్‌తోని సంబంధం లేదు మామా. డబ్బాలు డబ్బాలు కనపడితే ఫాంట్ లేదని అర్థం, డేటా భద్రంగనే ఉంటది, నిర్మలా యూఐ పెడితే తెలుగొస్తది, విండోస్ 8 నుంచి అది దాంట్లనే ఉంది. క్వశ్చన్ మార్కులు వచ్చినయంటే మాత్రం అక్షరాలు పోయినయ్, టేబుల్లో నిజంగనే క్వశ్చన్ మార్కే ఉంది, మళ్ళీ రావు, ఆ పేర్లు తిరిగి టైప్ చేసుడే. మామూలుగ వార్‌చార్ కాలమ్‌లో తెలుగు పట్టదు, ఎన్‌వార్‌చార్ (అన్ని భాషల అక్షరాలు పట్టే రకం) చెయ్యి. అది చేసినా నువ్వు క్వెరీని కోట్స్ మధ్య పేరు అతికించి రాస్తున్నవ్ కాబట్టి ముందు ఎన్ అక్షరం లేకుంటే మళ్ళీ అదే గతి. అతికించుడే మానెయ్, పారామీటర్స్ (విలువని క్వెరీ నుంచి వేరేగ పంపేవి) వాడు, తెలుగు పని కూడా అయితది, ఎవడన్నా పేరులో సింగిల్ కోట్ కొడితే క్వెరీ పగిలిపోకుండ కూడా ఉంటది.

దీంట్లనే ఇంకో తిరకాసు, రసీదు మీద పేరుని 20 అక్షరాలకి కట్ చేస్తున్నవ్ కదా సబ్‌స్ట్రింగ్‌తోని. మనం శ్రీ అంటే ఒక్క అక్షరం అనుకుంటం, ప్రోగ్రాంలో దాని లెంగ్త్ 4. శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. సరిగ్గ మధ్యలో కట్ పడితే శ్రీనివాస్ గారి పేరు చివర ఉట్టి పొల్లు వేలాడుతది. అక్షరాలు లెక్కపెట్టకు, టెక్స్ట్‌రెండరర్ డాట్ మెజర్‌టెక్స్ట్‌తోని వెడల్పు కొలిచి, పట్టకపోతే తర్వాతి లైన్లోకి దించు.

మిగిలినవి గబగబ చెప్పేస్తా. ఆబ్జెక్ట్ రిఫరెన్స్ నాట్ సెట్ అని వచ్చినప్పుడు భయపడకు, ఎక్సెప్షన్ బాక్స్‌లో ఏది నల్ (ఖాళీ) ఉందో పేరుతో సహా చెప్తది, స్టాక్ ట్రేస్‌లో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే లిస్ట్) పైనున్న సిస్టమ్ లైన్లు వదిలేసి నీ ఫైల్ పేరు, లైన్ నంబర్ ఉన్న మొదటి లైన్‌కి పో. నీ కేసులో కన్‌స్ట్రక్టర్లో (ఫామ్ పుట్టేటప్పుడు నడిచే కోడ్), ఫామ్ మీది కంట్రోల్స్‌ని పుట్టించే ఇనిషియలైజ్‌కాంపొనెంట్ కంటే ముందే టెక్స్ట్‌బాక్స్‌ని ముట్టుకున్నవ్, అప్పటికి అది పుట్టనే లేదు. డబ్బుల లెక్కకి డబుల్ వాడకు, డెసిమల్ వాడు, డబుల్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గ 0.3 రాదు, జీఎస్టీ దగ్గర పైసలు తేడా కొడ్తయ్. తారీఖుని స్ట్రింగ్‌లాగ దాచకు, షాపు కంప్యూటర్లో రీజియన్ అమెరికా అని ఉంటే 13/02 దగ్గర పగిలిపోతది, 05/07 దగ్గర ఇంకా డేంజర్, పగలకుండ మే నెల అనుకుంటది. గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని ఊడ్చేది) ఉంది కదా కనెక్షన్ ఎందుకు మూయాలె అన్నవ్. మేనేజ్డ్ కోడ్‌లో (డాట్ నెట్ నడిపే కోడ్) మెమరీ సంగతి రన్‌టైమ్ చూస్కుంటది, కానీ అది ఎప్పుడు ఊడుస్తదో దాని ఇష్టం, కనెక్షన్ పూల్ (తెరిచిన డేటాబేస్ కనెక్షన్లు ఉంచే చోటు) డీఫాల్ట్‌గ 100 దగ్గర ఆగిపోతది, సాయంత్రానికి టైమౌట్ అంటది. యూజింగ్ పెట్టు. ఇంక ఆ ఖాళీ క్యాచ్ బ్లాకులు (ఎర్రర్‌ని పట్టి ఏం చెప్పకుండ మింగేవి) అన్నీ తీసెయ్ రా బాబూ, కనీసం ఎక్సెప్షన్‌ని ఒక ఫైల్లోకి రాయి.

షాపు కంప్యూటర్లో డబుల్ క్లిక్ చేస్తే ఏం కాకుంట పోయిందంటే, నువ్వు ఏ ప్రాజెక్ట్ టెంప్లేట్ తీసుకున్నవో చూడు. మైత్రీవనం పక్కన జిరాక్స్ షాపులో తెచ్చుకున్న నీ నోట్స్ డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్‌ది, నువ్వు క్రియేట్ చేసిన ప్రాజెక్ట్ డాట్ నెట్ 8ది. విజువల్ స్టూడియోలో రెండు టెంప్లేట్ల పేర్లు ఇంచుమించు ఒకటే, ఆ పేర్లు పెట్టినోళ్ళకి ఒక దండం. ఫ్రేమ్‌వర్క్ 4.8 కొత్త విండోస్ 10, 11లో ముందే ఉంటది, డాట్ నెట్ 8కి డెస్క్‌టాప్ రన్‌టైమ్ వేరే ఇన్‌స్టాల్ చెయ్యాలె, లేకుంటే పబ్లిష్‌లో సెల్ఫ్ కంటెయిన్డ్ (రన్‌టైమ్‌ని ప్రోగ్రాంతోనే కలిపి ఇచ్చేది) పెట్టు, సైజు పెద్దగైతది కానీ గొడవ ఉండదు. మీ బాబాయ్ పాత యాక్సెస్ ఫైల్ చదివేటప్పుడు ప్రొవైడర్ (ఆ ఫైల్ చదివే డ్రైవర్) రిజిస్టర్ కాలేదు అంటే, అక్కడి ఆఫీస్ 32 బిట్, నీ ప్రోగ్రాం 64 బిట్ అయి ఉంటది, ప్లాట్‌ఫామ్ టార్గెట్ ఎక్స్86 చేసి చూడు. ఇవన్నీ కాకుంటే ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్, అప్లికేషన్ కింద డాట్ నెట్ రన్‌టైమ్ పేరుతోని ఉన్న ఎర్రర్ చూడు, చచ్చేముందు ఏం చెప్పిందో మొత్తం అక్కడుంటది.

ఇప్పుడు నాకు కావాల్సినవి. ఆ ఎండీఎఫ్ ప్రాపర్టీస్ స్క్రీన్‌షాట్, ఫిజికల్ నేమ్ క్వెరీ ఇచ్చిన పాత్, కనెక్షన్ స్ట్రింగ్. ఎర్రర్ వస్తే ఫొటో వద్దు, విజువల్ స్టూడియోలో అయితే కాపీ డీటెయిల్స్ అని లింక్ ఉంటది, మామూలు మెసేజ్ బాక్స్ అయితే దాని మీద కంట్రోల్ సీ కొట్టినా టెక్స్ట్ మొత్తం కాపీ అయితది, పేస్ట్ చేసి పంపు. ముందు డేటాబేస్ సంగతి చూడు, అది అయ్యేదాక బాబాయ్‌ని పాత బిల్ బుక్ పక్కన పడెయ్యొద్దని చెప్పు.

థర్మల్ ప్రింటర్ కొనాలంటున్నవ్ కదా, హైదరాబాద్ వచ్చినప్పుడు సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ షాపులుండే కాంప్లెక్స్) పోయి చూద్దాం, 80 ఎంఎం రోల్‌ది తీస్కో, 58ది అయితే ఐటమ్ పేరు, రేటు, టోటల్ ఒక లైన్లో ఇరుకైతయ్. వచ్చే ముందురోజు చెప్పు, లాప్‌టాప్ చార్జర్‌తో సహా పట్టుకొని రా.

ఉంటా మరి,
నీ దోస్త్