ఒకే పొయ్యి మీద ఒకే వంట

అనంతపురం

చి॥ల॥సౌ॥ పెద్దమ్మాయికి అమ్మ ఆశీస్సులు.

తమ్ముడికి కర్నూలులో ఉద్యోగం వచ్చిందనీ, గది దొరికేవరకు మీ ఇంట్లోనే ఉంటాడనీ తెలిసి మీ నాయనా నేనూ చాలా సంతోషించాము. వాడికి ఏం వండిపెట్టాలో తోచడం లేదని నువ్వు ఫోనులో అన్నప్పుడు పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉంది, తీరిగ్గా చెప్పే వీలు లేకపోయింది. అందుకని రాస్తున్నాను. మాంసమూ గుడ్లే కాక పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, తేనె కూడా వాడు ముట్టడు. ఎందుకు మానేశావని వాడిని మళ్ళీ కూర్చోబెట్టి అడగవద్దు. పాలివ్వని మగదూడలను పాడి వ్యాపారంలో బరువుగా చూస్తారన్నది వాడి బాధ. ఆ మాటంతా నాకు వివరంగా చెప్పాడు, నేను విన్నాను. ఇప్పటికీ నేను పెరుగన్నం తింటూనే ఉన్నాను, వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అంతటితో ఆ చర్చ అయిపోయింది.

ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒకటే. వాడి కోసం వేరే గిన్నె పెట్టవద్దు. విడిగా వండితే నీకు రెండు వంటల చాకిరీ, వాడికి అక్కను కష్టపెడుతున్నానన్న మొహమాటం; వారం తిరిగేసరికి ఆఫీసు దగ్గరే తిని వచ్చానని అబద్ధం చెప్పడం మొదలుపెడతాడు. అందరికీ కలిపి పాలూ నెయ్యీ లేని వంటే చేసి, నేతి గిన్నె, పెరుగు గిన్నె పక్కన పెట్టు. అల్లుడుగారూ పిల్లలూ ఎవరికి కావలసింది వారు వడ్డించుకునేటప్పుడు వేసుకుంటారు. మన సీమ వంటకు ఇది ఏమంత కష్టం కాదు. రాగి సంగటి, పుల్లగూర, ఊరిబిండి, జొన్నరొట్టె, ఉలవల చారు, అలసంద వడలు, చెనక్కాయలూ నువ్వులూ ఎండుకొబ్బరీ నూరి కూరిన గుత్తివంకాయ, పొద్దున పూట ఉగ్గాని బజ్జి, ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టుగా వాడు తినగలిగినవే. కొత్తగా నేర్చుకోవలసిన కూర ఒక్కటీ లేదు. మార్చుకోవలసింది చేతి అలవాటును. పప్పు దించగానే చెయ్యి నేతి గిన్నె వైపు పోతుంది. దోసె మీద, పొంగలిలో, ఓళిగ కాల్చే పెనం మీద, సంగటి ముద్ద నడుమ చేసిన గుంటలో, మనం ఎంతగా నెయ్యి వేస్తామో వెయ్యకూడదనుకున్న రోజునే తెలుస్తుంది. అన్నిచోట్లా గానుగ చెనక్కాయ నూనె సరిపోతుంది. పొంగలిలో మాత్రం మిరియాలు, జీలకర్ర, అల్లం కొంచెం ఎక్కువ వెయ్యి, లేకపోతే చప్పగా ఉంటుంది. ఓళిగలు నూనెతో కాలిస్తే నేతి వాసన రాదు, అది నిజమే. కానీ మెత్తదనం ఏమాత్రం తగ్గదు.

అసలు చిక్కు పెరుగుతో వస్తుంది. భోజనం చివర మజ్జిగ పోసుకోకపోతే కడుపు నిండినట్టు ఉండదని వాడే ఒప్పుకున్నాడు. దానికి చెనక్కాయ విత్తనాలతో పెరుగు తోడుపెట్టడం నేర్చుకున్నాను. మీ కర్నూలులో బుడ్డలంటారు, పుస్తకాల్లో వేరుశనగలని రాస్తారు, అవే. వేయించనివి, పుచ్చులేనివి తీసుకుని రాత్రి నానబెట్టు. పొద్దున చేత్తో నలిపితే పొట్టు ఊడివస్తుంది. పొట్టు ఉంటే వగరు వస్తుంది గనుక ఆ పని బద్ధకించవద్దు. రెండు మూడుసార్లు కడిగి, కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ మెత్తగా రుబ్బి, పలుచని గుడ్డలో వడకట్టు. గ్లాసు విత్తనాలకు మూడు గ్లాసుల నీళ్ళైతే చిక్కగా ఉంటుంది. ఆ పాలను మందపాటి గిన్నెలో, సన్నని మంట మీద, గరిటె ఆపకుండా తిప్పుతూ పొంగు వచ్చేవరకు కాచాలి. కాచకపోతే పచ్చివాసన పోదు. కలపడం ఆపితే అడుగు పడుతుంది. వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆరిన తరువాత, కడిగి తడి తుడిచిన పచ్చిమిరప తొడిమలు నాలుగైదు వేసి మూతపెట్టు. ఆ తొడిమల మీద ఉండే సూక్ష్మజీవులే తోడు పని చేస్తాయి. మొదటిసారి తోడుకున్నది పలుచగా, ఒక రకమైన వాసనతో ఉంటుంది, దాన్ని చూసి నిరుత్సాహపడవద్దు. అందులోంచి ఒక చెంచా తీసి మరునాటి పాలకు తోడుపెడితే గట్టిగా, కమ్మగా తోడుకుంటుంది. తరువాత రోజూ పాత పెరుగే తోడు. మన ఎండలకు రాత్రి పెట్టినది తెల్లవారకముందే పులిసిపోతుంది కాబట్టి తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్యి. వడకట్టగా మిగిలిన పిప్పిని పారబొయ్యకు, ఉల్లిపాయా పచ్చిమిరపా వేసి రొట్టెలు తట్టవచ్చు. ఈ పెరుగుతో మజ్జిగ పులుసు చేస్తే పొయ్యి మీద మరగనివ్వకు. ఉడికిన ముక్కల్లో దించిన తరువాతే కలిపి, చివర తాలింపు పెట్టు.

బజారులో సోయా పాలు, బాదం పాలు డబ్బాల్లో దొరుకుతాయి. ఎప్పుడైనా తెచ్చుకుంటే తప్పులేదు గాని రోజూ కొనడం దండుగ అని నా అభిప్రాయం. వాడికి టీలో పాలు కావాలన్న పట్టుదల కూడా లేదు, అల్లం దంచి వేసి బెల్లంతో డికాక్షను ఇస్తే తాగుతాడు. అయితే భోజనం చేసిన వెంటనే టీ ఇవ్వవద్దు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుమును టీ వంటికి పట్టనివ్వదు. అదే ఇనుము నిమ్మరసంతో బాగా పడుతుంది, కాబట్టి పప్పులోనో తాలింపు గుగ్గిళ్ళలోనో నిమ్మకాయ పిండడం మరవకు.

పాలు మానితే ఎముకలు ఏమవుతాయని మీ నాయన చాలాకాలం దిగులుపడ్డారు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే కొలత పాలలో ఉండేది 120 చుట్టుపక్కలే. రాగుల్లోని కాల్షియమంతా వంటికి పట్టదు గాని, మొలకెత్తించి పిండి పట్టిస్తే ఎక్కువ దక్కుతుంది. నువ్వులు కూడా వారంలో రెండు మూడుసార్లయినా పొడిగానో ఉండలుగానో తినిపించు. మాంసకృత్తుల గురించి భయం లేదు, సంగటీ పప్పూ కలిస్తే ఒకదానిలో తక్కువైనది రెండవది పూడుస్తుంది, చెనక్కాయలు ఎటూ ఉన్నాయి. ఆదివారం మీరందరూ బిరియానీ వండుకుంటే, వాడి కోసమని కాకుండా ఇంటిల్లిపాదికీ మీల్‌మేకరుతో వండి చూడు. పెరుగుకు బదులు టమాటా, నిమ్మరసం వేసి నానబెడితే మసాలా బాగానే పడుతుంది.

వంటతో తీరనిది ఒక్కటే ఉంది, బి12 విటమిన్. మొక్కల నుంచి వచ్చే తిండిలో అది నమ్ముకోదగినంత ఉండదు. పులిసిన దోసెపిండిలో వస్తుందని ఎవరైనా చెప్పినా నమ్మవద్దు. కాలేయంలో ఉన్న నిల్వ కొన్నేళ్ళు సరిపోతుంది గనుక మానిన వెంటనే ఏమీ తెలియదు, తరువాత నీరసం, కాళ్ళూ చేతుల్లో తిమ్మిర్లు, రక్తహీనత మొదలవుతాయి, అశ్రద్ధ చేస్తే నరాలు దెబ్బతింటాయి. డాక్టరు రాసిచ్చిన మాత్రలు వాడి సంచిలో ఉన్నాయి. వేసుకున్నావా అని నువ్వు అడుగుతూ ఉండాలి. వాడు మరిచిపోతాడు, మరిచిపోయినట్టు చెప్పడు.

కొని తెచ్చేవాటిలో ప్యాకెట్టు మీద ఆకుపచ్చ చుక్క చూసి సరిపెట్టుకోవద్దు. పాలపొడి, తేనె ఉన్న వస్తువుకు కూడా ఆ చుక్కే వేస్తారు. 2022లో మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వీగన్ ఆహారానికి, అంటే వాడు తినేలాంటి పాలూ తేనే కూడా లేని తిండికి, విడిగా నిబంధనలు తెచ్చి, ఆకుపచ్చ 'వి' అక్షరంతో గుర్తు పెట్టింది గాని, చిన్న అంగళ్ళలో దొరికే బిస్కెట్ల మీద అది కనిపించడం తక్కువ. వెనుక సన్నని అక్షరాల్లో రాసిన దినుసులు చదవడమే మార్గం. పాలపొడి, వే, కేసిన్ అన్న మాటల్లో ఏది కనిపించినా పక్కన పెట్టెయ్యి, వేయీ కేసినూ కూడా పాల నుంచి తీసినవే. హోటలులో నాన్ రొట్టె పిండిలో పెరుగో పాలో కలుపుతారు, కారం దోసె మీద అడగకుండానే వెన్న వేస్తారు. అంతకంటే ఉగ్గాని తినడం మేలు, కాకపోతే రోజూ బజ్జీలతో కలిపి తింటే పాలు మానిన పుణ్యం నూనెలో కొట్టుకుపోతుంది.

పండుగ వంటకు బెంగపడకు. ఉగాది పచ్చడిలో పాలచుక్క లేదు. పాయసానికి కొబ్బరిపాలు తియ్యి; రెండవసారి పిండిన పలుచని పాలలో బియ్యం ఉడికించి, బెల్లం కరిగాక, మొదటి చిక్కని పాలు దించే ముందు పోసి ఒక్క కలుపు కలుపు. చిక్కని పాలు పోసిన తరువాత మరిగిస్తే విరిగినట్టు అవుతుంది. మీ అత్తగారికి ముందే ఒక మాట చెప్పి ఉంచు. ఆమె మనసు మంచిది, కాని వద్దన్న పిల్లవాడికి బలవంతాన మజ్జిగ పొయ్యడమే మర్యాద అనుకునే తరం ఆమెది. చెనక్కాయ పెరుగు తోడుపెట్టే పని ఆమెకే అప్పగిస్తే ఇంకా మంచిది, ఆ చేతికి తోడు బాగా కుదురుతుంది.

విత్తనాలు, మొలక రాగిపిండి, నువ్వుల ఉండలు మీ నాయన ఆదివారం బస్సులో తెస్తున్నారు. పచ్చిమిరపకాయలు మాత్రం అక్కడే, తొడిమలు తెంపనివి చూసి కొను.

ఇట్లు,
మీ అమ్మ