పేరు రిజిస్టర్‌లో ఉంటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఏటా పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమంలో టీచర్లు ఇంటింటికీ తిరిగి ప్రత్యేక అవసరాలున్న పిల్లల పేర్లు కూడా రాసుకుంటారు. మంచిదే. కానీ చేరిన తర్వాత ఆ పిల్లలకు చదువు చెప్పేదెవరు?

మా అన్న కొడుక్కి చెవులు సరిగా వినబడవు. ఊళ్లోని సర్కారు బడిలో నాలుగో తరగతి. క్యాంపులో చెవి మిషన్ ఉచితంగా ఇచ్చారు. అందులో వేసే గుండీ అంత బ్యాటరీ వారం, పది రోజులకే అయిపోతుంది. కొత్తది కావాలంటే దేవరకొండ పోవాలి. అది లేని రోజుల్లో సార్ బోర్డు వైపు తిరిగి చెబుతుంటే వాడికి పెదవుల కదలిక కూడా కనబడదు. పక్కవాడి నోట్‌బుక్ చూసి రాసుకుంటాడు. రాత ముత్యాల్లా ఉంటుంది, అర్థమేంటని అడిగితే ఒక్క ముక్క చెప్పలేడు. సార్‌ను తప్పుపట్టలేం. రెండు తరగతులు ఒక్కడే చూసుకోవాలి, పైగా ఇలాంటి పిల్లలకు ఎలా చెప్పాలో ఆయనకెవరూ నేర్పలేదు.

మండల కేంద్రంలో ఇలాంటి పిల్లల కోసమే నడిపే భవిత సెంటర్ ఉంది కదా అంటారు. తండాలో నడవలేని పిల్లను ఎత్తుకుని రోడ్డు దాకా వచ్చి, బస్సెక్కించి తీసుకుపోయే తల్లికి ఆ రోజు కూలి పోయినట్టే. అలా ఎన్ని రోజులు పోతుంది? ఈ పిల్లలకు చదువు చెప్పడానికి పెట్టిన రిసోర్స్ టీచర్లు చాలామంది కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవాళ్లే. ఊరూరా తిరగమంటే వాళ్లు మాత్రం ఎన్ని బడులకని పోతారు?

స్పెషల్ స్కూల్లో వేయండని సలహా ఇచ్చేవాళ్లున్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. దగ్గరి బడా, స్పెషల్ స్కూలా అన్నది ఎంచుకునే హక్కూ ఉంది. మావాడు ఊరి బడిలోనే ఉండాలన్నది మా నిర్ణయం. పిలిస్తే పలకడని తోటి పిల్లలకు తెలుసు. భుజం తట్టి పిలుస్తారు, ఆటలో కలుపుకుంటారు. స్పెషల్ స్కూల్ హాస్టల్‌కు పంపితే ఆ దోస్తులు ఎక్కడి నుంచి వస్తారు?

ప్రైమరీలో ఇలాంటి 10 మంది పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయినవాళ్లను తరాలుగా చూసిన జిల్లా మనది. వైకల్యం గురించి అధికారులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

సుప్రీంకోర్టు చెప్పిన లెక్కన మన జిల్లాలో ఏ మండలానికి ఎన్ని పోస్టులు కావాలో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో విద్యాశాఖ బయటపెట్టాలి. పోస్టులు నిండేదాకా రిసోర్స్ టీచర్ ఏ బడికి ఏ రోజు వస్తారో ముందే చెప్పాలి. వచ్చినప్పుడు పిల్లాణ్ణి విడిగా కూర్చోబెట్టి పంపేయకుండా, క్లాసులోనే ఉండి మామూలు టీచర్‌కు కూడా పద్ధతి చూపించాలి. చెవి మిషన్ బ్యాటరీలు బడికే పంపాలి.

— ఒక పాఠకుడు,
దేవరకొండ ప్రాంతం, నల్గొండ జిల్లా